గాలిలో నీటిని తూచిన కథ



పత్తి ట్రాక్టరు కొనుగోలు కేంద్రం గేటు దాటగానే మొట్టమొదట వినబడే మాట ధర కాదు, "తేమ ఎంత?" అన్నది. సంగారెడ్డి మండలంలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో గాని, పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ పల్లెలో గాని యీ మాట తెలియని రైతు లేడు. పత్తిలో తేమ నూటికి 8 పాళ్లు దాటిందంటే ధరలో కోత మొదలు. 12 దాటితే ట్రాక్టరు తిరుగుముఖం పట్టవలసిందే. వడ్లకైతే 17 పాళ్లు హద్దు. నిన్న మధ్యాహ్నం ఎండలో ఆరబోసి, చేత్తో పట్టి చూస్తే పెళపెళలాడిన పత్తే రాత్రంతా ట్రాక్టరులో వుండి, పొద్దున్నే కాంటా దగ్గరకు పోయేసరికి మిషను ఒకటి రెండు పాళ్లు ఎక్కువ చూపిస్తుంది. రైతు మీద అనుమానం, మిషను మీద అనుమానం, అక్కడ నిలబడ్డ అందరి మీదా అనుమానం. నీళ్లు ఎవరూ చల్లలేదు. వానా కురవలేదు. మరి ఆ నీరు ఎక్కడిది?

గాలిలోది.

యీ మాట ఒకసారి ఒక పల్లె రచ్చకట్ట మీద చెబితే ఒక పెద్దాయన నవ్వి, "గాలిల నీళ్లుంటయా సారూ? ఉంటే మా బాయిలకు ఎందుకు రాకపాయె?" అన్నాడు. ఆ ప్రశ్నను తేలికగా తీసివేయకూడదు. గాలిలో నీరున్నదని కనిపెట్టడం ఒక యెత్తు, అది ఎంత వున్నదో తూచి చెప్పడం ఇంకొక యెత్తు. రెండవ పనికి మనుషులకు దగ్గర దగ్గర నాలుగు వందల ఏండ్లు పట్టింది. ఆ కథలో మన దక్కను గడ్డకు, నిజంగా గడ్డికే, ఒక పాత్ర వున్నది. ఆ కథ యీ పూట చెప్పుకుందాం. చివర లెక్క కూడా వేద్దాం. లెక్క అనగానే భయపడకండి, కూడికా తీసివేతా వస్తే చాలు.

గాలిలో తేమ సంగతి మన ఇండ్లలో ఆడవారికి ఎప్పటినుంచో తెలుసు. వానాకాలంలో ఉప్పు జాడీలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. బెల్లం కారిపోతుంది. వేసవిలో ఫెళ్లున విరిగే అప్పడం ఆషాఢంలో తోలులాగా సాగుతుంది. చైత్ర వైశాఖాల్లో రంజన్‌లోని నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా వుంటాయి. అదే రంజను, అవే నీళ్లు, శ్రావణంలో ముట్టుకుంటే చల్లదనం అంతంత మాత్రమే. ఎందుచేత? కుండ ఒంటి మీద ఊరిన నీరు ఆవిరై పోతేనే కుండ చల్లబడుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీటి నుంచే లాగుకుంటుంది. గాలి పొడిగా వుంటే ఆవిరి జోరుగా పోతుంది, చల్లదనం ఎక్కువ. గాలి అప్పటికే తేమతో నిండి వుంటే ఆవిరికి చోటు లేదు, చల్లదనమూ లేదు. కాబట్టి కుండలోని నీళ్లు ఎంత చల్లబడ్డాయో చూస్తే గాలిలో తేమ ఎంతో తెలియాలి. యీ ఒక్క మాటా గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

మొదట్లో మనుషులు యీ దారిన పోలేదు. తేమ పీల్చే వస్తువులను పట్టుకున్నారు. 15వ శతాబ్దం నడుమ జర్మనీ దేశపు మతాచార్యుడు, క్యూసా ఊరివాడైన నికొలాస్, త్రాసులో ఒక పక్క ఉన్ని, ఒక పక్క రాళ్లు పెట్టి సరితూచమన్నాడు. గాలి చెమ్మగిలితే ఉన్ని పక్క దిగుతుంది, పొడిబారితే లేస్తుంది. గాలిలోని నీటిని తూచడానికి మనకు తెలిసిన మొదటి ప్రయత్నాలలో ఇది ఒకటి. మన పత్తి ట్రాక్టరు రాత్రి బరువెక్కడమూ యీ త్రాసు సంగతే. పత్తి కూడా ఉన్నిలాగా తేమ పీలుస్తుంది!

1783లో జెనీవా నగరపు పండితుడు హొరాస్ బెనెడిక్ట్ దె సొస్యూర్ తేమను గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన ఎన్నుకున్న వస్తువు మనిషి తలవెంట్రుక. క్షారపు నీటిలో ఉడకబెట్టి జిడ్డు తీసివేసిన వెంట్రుక పూర్తిగా పొడిగా వున్నప్పటి కంటే పూర్తిగా తడిసినప్పుడు నూటికి దాదాపు రెండున్నర పాళ్లు పొడుగవుతుంది. ఆ పొడుగును ఒక చిన్న చక్రానికి తగిలించి, ముల్లు తిప్పి, సున్న నుంచి నూరు దాకా గీతలు పెట్టాడు. ఆయన వూరివాడే అయిన డెల్యూక్ అనే మరొక పండితుడు వెంట్రుక పనికిరాదు, తిమింగలపు నోటిలోని పొర బద్దే సరియైనదని వాదించాడు. ఇద్దరికీ గట్టి తగవు నడిచింది. ఆ తగవు మనకు అక్కర లేదు గాని, వెంట్రుక యంత్రం మాత్రం రెండు వందల ఏండ్లు వాతావరణ కేంద్రాలలో పనిచేసింది.

ఇప్పుడు మన గడ్డ మీదకు వద్దాం.

1802లో కర్నల్ విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర భూమిని త్రికోణాలుగా కొలిచే సర్వే మొదలుపెట్టాడు. తరువాత 1815లో మన పొరుగునే బీదరు దగ్గర కూడా ఒక ఆధారరేఖను కొలిచారు. తొలి ఏండ్లలో ఆయన దగ్గర పనిచేసిన పడుచు అధికారి హెన్రీ కేటర్. ఒక గుట్ట మీద నుంచి పది ఇరవై మైళ్ల అవతలి గుట్ట మీది గురుతును దుర్భిణిలో చూస్తే, నడుమనున్న గాలి కాంతిని కొద్దిగా వంచుతుంది. గురుతు వున్నచోట కాక కాస్త పైకి కనబడుతుంది. కొలత తప్పకుండా వుండాలంటే గాలి గుణం తెలియాలి. వేడికి థర్మామీటరు వుంది, ఒత్తిడికి బారోమీటరు వుంది. తేమకో?

కేటర్ మైసూరు దేశంలో తిరుగుతూ ఒక గడ్డిని చూశాడు. మీకు బాగా తెలిసిన గడ్డే. గుట్టల మీదా, బీడు చేలల్లోనూ మోకాలెత్తు పెరిగి, వానలు వెనకపట్టాక విత్తులు ముదిరి, పక్క నుంచి నడిచామంటే పంచె నిండా గుచ్చుకునేది, గొర్రెల ఉన్నిలోకి దూరి చర్మం దాకా పోయేది. ఆ విత్తుకు ఒక పొడుగాటి నల్లని తోక వుంటుంది, తాడు పేనినట్టు మెలికలు తిరిగి. ఒక విత్తును అరచేతిలో పెట్టుకుని తోక మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. మెలికలు విప్పుకుంటూ ప్రాణమున్న పురుగులాగా తిరుగుతుంది. ఆరితే మళ్లీ మెలిపడుతుంది. ప్రకృతి ఆ తోకను పెట్టింది విత్తును నేలలోకి మరమేకులాగా దింపడానికి. పగలు ఎండకు ఒక మెలిక, రాత్రి మంచుకు ఒక విప్పు, అలా అలా విత్తు మట్టిలోకి దిగుతుంది.

కేటర్ ఆ తోకను ఒక చట్రంలో బిగించి, కొసకు ముల్లు తగిలించి, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే ఏర్పాటు చేశాడు. వెంట్రుక నూటికి రెండున్నర పాళ్లు సాగితే యీ గడ్డితోక చుట్లకు చుట్లే తిరుగుతుంది, కనుక కొద్దిపాటి తేమ మార్పును కూడా చూపిస్తుంది. యీ పరికరం వివరం కలకత్తాలో అచ్చయ్యే 'ఏషియాటిక్ రిసెర్చెస్' సంపుటాలలో వెలువడింది. గడ్డికి ఆ ప్రాంతపు కన్నడ పేరునే ఆయన వాడుకున్నాడు. తరువాతి కాలంలో లోలకంతో భూమి ఆకర్షణను కొలిచి లోకప్రసిద్ధుడైన కేటర్ ఈయనే. గొర్రెలకాపరి తిట్టుకుంటూ ఏరి పారేసే ముల్లుతో ఆయన గాలిని కొలిచాడు. పల్లెటూరి బడిపంతుళ్లు ఎవరైనా యీ మాటలు చదువుతుంటే, వచ్చే మార్గశిరంలో పిల్లల చేత ఒకటి చేయించండి. ఒక అట్టముక్క, ఒక గుండుసూది, ఒక గడ్డివిత్తు, ఇంతే ఖర్చు.

ఉన్ని, వెంట్రుక, గడ్డితోక, వీటన్నిటికీ ఒకటే లోపం. గాలి ఎంత పొడిగా వున్నదో, ఎంత చెమ్మగా వున్నదో చూపిస్తాయే గాని, ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని గ్రాముల నీరున్నదో చెప్పవు. ఇది చిన్న లోపం కాదు. దీనివల్ల ఎంత నష్టమో నా సొంత అనుభవమే తరువాత చెబుతాను.

గ్రాముల దారి తెరిచినవాడు ఫ్రాన్సు దేశంలో మోంపెలియే పట్నపు వైద్యుడు షార్ల్ లెరువా. 1751లో ఆయన చేసింది మనం రోజూ చూసే సంగతే. గాజు పాత్రలోని నీటిని మంచుగడ్డతో కొంచెం కొంచెంగా చల్లబరుస్తూ పోయాడు. ఒక చోటికి వచ్చేసరికి పాత్ర బయట చెమర్చింది. ఆ క్షణాన నీటిలో వున్న థర్మామీటరు ఎంత చూపిందో రాసుకున్నాడు. దీనినే పాఠ్యపుస్తకాలలో తుషారాంకం అంటారు. గాలి ఆ వేడికి చల్లబడితే తనలోని నీటిని మోయలేక దించుతుంది. తెల్లవారుజామున గడ్డి మీద మంచు కురవడమంటే ఇదే.

తరువాతివాడు ఇంగ్లండులో మాంచెస్టరులో పాఠాలు చెప్పుకుని బ్రతికిన జాన్ డాల్టన్. 1787 నుంచి 1844లో చనిపోయేదాకా రోజూ వాతావరణం డైరీ రాసిన మనిషి. ఉప్పు నీటిలో కరిగినట్టు నీరు గాలిలో కరిగిందని అంతకు ముందువారు అనుకునేవారు. అది కాదు, ఆవిరి తన పాటికి తాను వుంటుంది, గాలి వున్నా లేకపోయినా దాని ఒత్తిడి దానిదే అని 1801 ప్రాంతంలో డాల్టన్ తేల్చాడు. ఏ వేడి దగ్గర ఆవిరి గరిష్ఠంగా ఎంత ఒత్తిడి చూపగలదో కొలిచి పట్టిక వేశాడు. మనం యీనాడు వేసే లెక్కకు ఆ పట్టికే పునాది.

ఆ పట్టిక పోకడ చూడండి. 20 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. 30 డిగ్రీల దగ్గర 30 గ్రాములు. 40 దగ్గర 51 గ్రాములు. పది డిగ్రీల వేడి పెరిగితే మోయగల నీరు రెట్టింపుకు దగ్గరగా పెరుగుతున్నది. గాలి గోతాం అనుకుంటే, వేడి పెరిగిన కొద్దీ గోతాం పెద్దదవుతున్నది. "నూటికి ఇంత ఆర్ద్రత" అని రేడియోలో చెప్పేది గోతాం ఎంత నిండిందో చెప్పే మాట. గోతాం సైజు ఎంతో అందులో వుండదు.

ఇక కుండ దగ్గరకు. తడి వస్తువు చల్లబడే గుణాన్ని బట్టి తేమను చెప్పవచ్చునని స్కాట్లండులో జేమ్స్ హట్టన్, జాన్ లెస్లీ ముందే గ్రహించారు. 1825లో జర్మనీలో ఎర్నెస్ట్ ఫెర్డినాండ్ ఔగుస్ట్ రెండు థర్మామీటర్లను పక్కపక్కన నిలిపి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, దానికి ఒక పేరు పెట్టి లెక్క కట్టాడు. పొడిబల్బు గాలి వేడిని చూపిస్తుంది. తడిబల్బు, మన రంజనులాగానే, చల్లబడుతుంది. రెంటి తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడి. వెంట్రుక అక్కర లేదు, మంచుగడ్డ అక్కర లేదు, ఒక గుడ్డపేలిక, గిన్నెడు నీళ్లు చాలు. లోకమంతటా వాతావరణ కేంద్రాలు దీనినే పట్టుకున్నాయి.

మన తెలుగు దేశంలో విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలాధికారి టేలర్ దగ్గర చదువుకొని వచ్చి, 1840లో డాబా గార్డెన్స్‌లో సొంతాన వేధశాల కట్టించాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిలబెట్టి వాతావరణం కొలతలు కూడా తీయించాడు. ప్రభుత్వం వాతావరణ శాఖను పెట్టింది 1875లో. దానికి మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్, కేంద్రాలలో కొలతలు తీసేవారికోసం 1877లో ఒక చేతిపుస్తకం వేశాడు. అయితే యీ కొలతలన్నీ ఓడలకూ రేవులకూ పనికివచ్చినంతగా చేనుకు పనికిరాలేదనే చెప్పాలి. చేనులోని గాలి వేరు, బంగళా ఆవరణలోని గాలి వేరు. ఆ సంగతి పట్టించుకున్నది 1932లో పూనాలో ఎల్. ఎ. రాందాసు ఆధ్వర్యాన ఏర్పడ్డ వ్యవసాయ వాతావరణ విభాగం. నేలకు జానెడు ఎత్తులో గాలి ఎలా వుంటుంది, పైరు నడుమ తేమ ఎంత అని అక్కడ కొలిచారు. 1945 నుంచి రైతుల కోసం వాతావరణ సమాచారం రేడియోలో రావడం మొదలైంది.

ఇప్పుడు లెక్క. విస్తరణ ఉద్యోగులు కాగితం పెన్సిలు తీసుకోండి.

ఆవిరి ఒత్తిడిని మిల్లీబార్లలో చెబుతారు. గాలి గోతాం పూర్తిగా నిండినప్పటి ఒత్తిడి ఇలా వుంటుంది: 18 డిగ్రీలకు 20.6, 20కి 23.4, 21కి 24.9, 22కి 26.4, 24కు 29.8, 26కు 33.6, 28కి 37.8, 30కి 42.4, 32కు 47.6, 36కు 59.4, 40కి 73.8. ఇది గోడకు అంటించుకోండి.

తడిబల్బు చూపిన డిగ్రీకి ఎదురుగా వున్న అంకె తీసుకోవాలి. పొడిబల్బుకూ తడిబల్బుకూ వున్న తేడాను 0.76తో గుణించి అందులోంచి తీసివేయాలి. మిగిలినదే గాలిలో వాస్తవంగా వున్న ఆవిరి ఒత్తిడి. దానిని పొడిబల్బు అంకెతో భాగించి నూటితో గుణిస్తే ఆర్ద్రత శాతం.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం పొడిబల్బు 32, తడిబల్బు 24 అనుకుందాం. 24కు ఎదురుగా 29.8. తేడా 8, దానిని 0.76తో గుణిస్తే 6.1. తీసివేస్తే 23.7. దీనిని 47.6తో భాగిస్తే నూటికి 50 పాళ్లు. గోతాం సగం నిండిందన్నమాట. గ్రాములు కావాలా? 23.7ను 216.7తో గుణించి, గాలి వేడికి 273 కలిపి వచ్చిన 305తో భాగించండి. ఘనపు మీటరుకు 16.8 గ్రాములు. నాలుగు మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడుగు, మూడు మీటర్ల ఎత్తు గది వుందనుకోండి, 60 ఘనపు మీటర్లు. ఆ గది గాలిలో కిలో పైచిలుకు, అంటే లీటరు నీళ్లు కంటికి కనబడకుండా వున్నాయి. రచ్చకట్ట పెద్దాయనకు అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇదే. నీళ్లున్నాయి, బావికి వచ్చేటన్ని లేవు, బస్తాను పాడు చేయడానికి మాత్రం బోలెడు.

యీ 0.76 ఎక్కడిది అని అడగాలి మీరు. పైన చెప్పిన రకం మామూలు పెట్టెలో, ఫాను లేకుండా, వున్న థర్మామీటర్లకు 0.0008 అనే గుణకాన్ని అక్కడి గాలి ఒత్తిడితో గుణించాలి. సముద్రపు ఒడ్డున గాలి ఒత్తిడి 1013 మిల్లీబార్లు. పటాన్‌చెరు సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తు, ఇక్కడ ఒత్తిడి 950 ప్రాంతం. ఇస్మాయిల్‌ఖాన్‌పేటకూ ఆ ఒత్తిడే సరిపోతుంది. 950ని 0.0008తో గుణిస్తే 0.76. బందరులోనో కాకినాడలోనో అయితే 0.81 వాడాలి. ఫానుతో గాలి విసిరే పరికరమైతే మనకు 0.63. సముద్రమట్టపు పట్టికను తెచ్చి ఇక్కడ వాడితే వానాకాలంలో పెద్ద తేడా రాదు, ఒక పాలు. కాని ఏప్రిల్‌లో పొడిబల్బు 40, తడిబల్బు 21 వున్నప్పుడు చూడండి. 24.9లోంచి 14.4 తీసివేస్తే 10.5, అంటే నూటికి 14 పాళ్లు. సముద్రపు గుణకంతో వేస్తే 13 పాళ్లే వస్తుంది. వున్న తేమే పధ్నాలుగు పాళ్లయితే అందులో ఒక పాలు తక్కువేమీ కాదు.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం గాలి ఇంకా 63 మిల్లీబార్ల ఆవిరిని మింగగలదు. వానాకాలపు మధ్యాహ్నం మింగగలిగేది 24. ఆకు మీద నుంచి నీరు లాగే జోరు యీ తేడాను బట్టి వుంటుంది. వేసవి కూరగాయకు తడి పెట్టడంలో నేల తడి చూసి ఊరుకోకుండా గాలి దాహం కూడా చూడమనేది యిందుకే.

ఇక నా తప్పు సంగతి. కొలువులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక ఊరిలో వేరుశనగ విత్తనం నిలవ చేసిన గోదాము చూడబోయాను. శ్రావణ మాసం. లోపల 28 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 60 పాళ్లు. గాలి ఆడకుండా వుక్కగా వుంది. సాయంత్రం వాన వెలిసి బయట చల్లగాలి తోలుతున్నది. "తలుపులూ కిటికీలూ తెరిచి పెట్టండి, చల్లగాలికి ఆరుతుంది" అని పెద్ద ఆరిందాలాగా చెప్పాను. పాపం నా మాట మీద గౌరవంతో రోజూ సాయంత్రం తెరిచి తెల్లవారుదాకా వదిలేశారు. రెండు వారాలకు బస్తాల అడుగున ముక్కవాసన. కొన్ని పప్పుల మీద పసుపుపచ్చ బూజు.

లెక్క ఆనాడే వేసి వుంటే! లోపలి గాలి ఒత్తిడి 37.8లో 60 పాళ్లు, అంటే 22.7. బయట వాన వెలిసిన గాలి 24 డిగ్రీలు, ఆర్ద్రత 95 పాళ్లు, అంటే 28.3. చల్లగా వున్నది గనుక పొడిగా వున్నదనుకున్నాను, నిజానికి అందులో నీరు ఎక్కువ. ఆ గాలి లోపలికి వచ్చి 28 డిగ్రీలకు వెచ్చబడితే ఆర్ద్రత 75 పాళ్లకు చేరుతుంది. 70 పాళ్లు దాటితే బూజుకు పండగ. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు వేల సంఖ్యలో చచ్చిపోయినప్పుడు, వాటి మేతలోని వేరుశనగ పిండిలో పెరిగిన బూజే విషం పుట్టించిందని తేలింది. ఆ విషమే అఫ్లాటాక్సిన్. కాబట్టి గోదాము తలుపు తీయాలా మూయాలా అన్నదానికి శాతాలు చూడకూడదు, ఆవిరి ఒత్తిడులు పోల్చాలి. బయటిది తక్కువైతేనే తీయాలి. మామూలు రోజుల్లో చూసుకుంటే తీయవలసినది ఎండ కాసే పొడి మధ్యాహ్నాలు, మూయవలసినది హాయిగా వుండే వానాకాలపు సాయంత్రాలు. మన హాయికీ గింజ హాయికీ పొంతన లేదు.

శాతం చేసే మోసం ఇంకొకటి. చలికాలం పొద్దున 15 డిగ్రీల వేడి, 80 పాళ్ల ఆర్ద్రత అంటే చాలా చెమ్మ అనుకుంటాం. నీరు 10 గ్రాములే. పైన లెక్క వేసిన 50 పాళ్ల మధ్యాహ్నంలో 16.8 గ్రాములు. అయితే పత్తి విషయంలో మాత్రం శాతాన్ని నమ్మవచ్చు. పత్తి, ధాన్యం వంటివి గ్రాములను కాక గోతాం నిండుదనాన్నే పసిగడతాయి, సొస్యూర్ వెంట్రుకలాగా. దూదిని 65 పాళ్ల ఆర్ద్రతలో వదిలితే అది తనంతట తానే నూటికి 8 పాళ్ల తేమకు దగ్గరగా వచ్చి నిలుస్తుంది. గాలి అంతకంటే చెమ్మగా వున్న పొద్దుటిపూట తెచ్చిన పత్తి 8కి దిగడమన్నది అయ్యే పని కాదు. మంచు ఆరకముందు ఏరవద్దనీ, ట్రాక్టరు మీద టార్పాలిను కప్పమనీ, వీలైతే మధ్యాహ్నం తిరిగాక కాంటాకు పొమ్మనీ చెప్పేది యిందుచేతనే. మిషను మీద అనుమానం వస్తే రావచ్చు గాని, ముందు గాలి లెక్క చూసుకుని పోండి.

పటాన్‌చెరులో 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ వెలిసింది. మన్మూలు, కాచిరెడ్డిపల్లి గ్రామాలు ఆ ఆవరణ కోసం లేచి వేరేచోటికి పోయాయి. ఆ ఊళ్లవాళ్లు వదిలిన నేల మీద యీనాడు లక్ష పైచిలుకు రకాల జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలు నిలవ వున్నాయి. నిలవకు ముందు వాటిని ఆరబెట్టే గదిలో 15 డిగ్రీల వేడి, 15 పాళ్ల ఆర్ద్రత. లెక్క వేయండి: ఘనపు మీటరుకు రెండు గ్రాములు కూడా లేదు. మన 60 ఘనపు మీటర్ల గది అంతటికీ కలిపి ఒక చాయ కప్పు నీరు. ఎండలో కాకుండా చల్లని పొడిగాలిలో ఆరబెట్టడం వల్ల విత్తనం మొలకశక్తి చెడదు.

ఆ పక్కనే ఫ్యాక్టరీలు. మందుబిళ్లల పొడి చెమ్మగిలితే గడ్డకడుతుంది గనుక అక్కడ గాలిని పొడిగా వుంచుతారు. నూలుమిల్లుల్లో ఇందుకు తలకిందులు, దారం తెగకుండా గాలిని తడుపుతారు. 1934లో వరంగల్లులో పెట్టి, తరువాతి కాలంలో మూతపడిన ఆజంజాహి మిల్లులో పనిచేసిన పాతవాళ్లకు ఆ ఉక్క గుర్తుండే వుంటుంది. తడిపిన గాలిలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మనిషి ఒళ్లూ ఒక రంజనే కదా. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 15వ సెక్షను, గాలిని కృత్రిమంగా తడిపేచోట ఆర్ద్రతకు హద్దులు పెట్టడానికీ, దానిని సరిగా కొలిచి రాసిపెట్టించడానికీ ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు నుంచి షిఫ్టులకు పోయే పడుచువాళ్లు తమ షెడ్డులో గోడకు రెండు థర్మామీటర్లు పక్కపక్కన కనబడితే అవి ఎందుకో ఇప్పుడు చెప్పగలరు.

సొంతంగా పెట్టుకోదలచినవారికి రెండు మూడు మాటలు. ఒకే రకపు థర్మామీటర్లు రెండు కొని, గుడ్డ చుట్టకముందు రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో చూడండి. నీడలో, గాలి ఆడేచోట, నేలకు నాలుగడుగుల ఎత్తున కట్టండి. గంజి లేని పల్చని మల్లుగుడ్డ చుట్టి, కొస నీళ్ల సీసాలో ముంచండి. బోరునీళ్లు పోయవద్దు. మన బోర్ల నీటిలోని సున్నం గుడ్డ మీద పెచ్చుకట్టి, నీరు సరిగా ఊరక, తడిబల్బు ఎక్కువ చూపిస్తుంది, గాలిలో లేని తేమ వున్నట్టు లెక్క వస్తుంది. నక్కవాగు నీళ్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. వాననీరు పట్టి వుంచుకోండి, లేదా బ్యాటరీలో పోసే నీళ్లు వాడండి. గుడ్డను వారం వారం మార్చండి.

వ్యవసాయ వాతావరణ కేంద్రాలలో యీ అంకెలను పొద్దున 7 గంటలకూ మధ్యాహ్నం 2 గంటలకూ తీస్తారు. అయితే అది ఆ ఊరి సూర్యుని టైము. మన గడియారాలు అలహాబాదు దగ్గరి రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, మన వైపు సూర్యుడు దానికి దాదాపు 17 నిమిషాలు వెనక. కాబట్టి మీ అంకెలు పటాన్‌చెరు అంకెలతో పోల్చుకోవాలంటే గడియారంలో 7 గంటల 17 నిమిషాలకూ, 2 గంటల 17 నిమిషాలకూ చూడండి. చూసేటప్పుడు బల్బు మీద ఊపిరి వదలకండి, ముందు తడిబల్బు, తరువాత పొడిబల్బు రాసుకోండి.